కెమెరాకి చెమట పట్టింది!

వేసవిలో ఏసీ బోగీలోంచి విశాఖపట్నం స్టేషన్లో దిగే కళ్లజోడువాళ్లని ఎప్పుడైనా గమనించారా? ప్లాట్‌ఫామ్ మీద కాలు పెట్టగానే అందరూ ఒకే పని చేస్తారు. టక్కున ఆగిపోతారు. అద్దాలు తెల్లగా మసకేసి, ఎదురుగా నిలబడ్డ కూలీ కూడా కనిపించడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తారు. పెట్టుకుంటారు. మళ్లీ మసక. మళ్లీ తుడుస్తారు. నిజానికి రెండు నిమిషాలు ఊరుకుంటే ఆ మసక దానంతటదే పోతుంది. కానీ ఊరుకోవడం మనకి రాదుగా!

కళ్లజోడైతే నవ్వుకుని వదిలేస్తాం. అదే కెమెరా అయితే? అదీ, మళ్లీ దొరకని దృశ్యం కళ్లముందు ఉన్నప్పుడైతే? నాకు అదే జరిగింది. సింహాచలంలో, తొలిపావంచా దగ్గర, 2019 ఆషాఢ పౌర్ణమి తెల్లవారుజామున.

తొమ్మిదేళ్ల తర్వాత...

ముందు మా అమ్మ గురించీ పెద్దమ్మ గురించీ చెప్పాలి. ఇద్దరికీ ఏడేళ్లు తేడా. చిన్నప్పుడు అమ్మకి జడ వేసిందీ, బడికి తీసుకెళ్లిందీ పెద్దమ్మేనట. అలాంటి అక్కాచెల్లెళ్లకి మా అమ్మమ్మ పోయాక ఇంటి పంపకాల దగ్గర మాటపట్టింపు వచ్చింది. ఆస్తి పెద్దదేం కాదు. రెండు గదుల పెంకుటిల్లు, వెనక నాలుగు కొబ్బరిచెట్లు. కానీ మాట పెద్దదైపోయింది. పెద్దమ్మ చీపురుపల్లి దగ్గర పల్లెలో, అమ్మ ఇక్కడ కూర్మన్నపాలెంలో. మధ్యలో ఎన్నో బస్సులు తిరిగేవి. తొమ్మిదేళ్లు ఆ బస్సుల్లో ఒకరికోసం ఒకరు ఎక్కలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకి తిరిగిపోయేవారు.

2019లో ఏమైందో ఏమో, పెద్దమ్మే ఫోన్ చేసింది. ''గిరి ప్రదక్షిణకి మొక్కుకున్నానే. ఒక్కదాన్నీ నడవలేను. వస్తావా?'' అంది. అమ్మ ఒక్క మాట కూడా ఎదురు అడగలేదు. ''వస్తాను'' అంది. అంతే. పంపకాల సంగతి అటు నుంచీ రాలేదు, ఇటు నుంచీ రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు కాలినడకన తిరిగి, పౌర్ణమికి మళ్లీ అక్కడికే చేరుకోవడం గిరి ప్రదక్షిణ. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం దాటి సముద్రం ఒడ్డుకి వస్తారు. అక్కణ్నుంచి అప్పూఘర్, ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, సీతమ్మధార, కైలాసపురం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం. ఊరంతా ఆ రాత్రి మేలుకునే ఉంటుంది. ఇళ్లముందు బల్లలు వేసి మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు ఇస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్లు కాళ్లకి నొప్పుల మందు రాస్తారు. ఉత్తరాంధ్రలో అప్పన్నలూ, సింహాచలాలూ, సింహాద్రులూ ఇంటికొకరు ఎందుకుంటారో ఆ రాత్రి చూస్తే తెలుస్తుంది.

పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాడు. సంగతి తెలిసి నాకు ఫోన్ చేశాడు. ''ఆ ఇద్దరూ పక్కపక్కన ఉన్న ఫొటో ఒక్కటి తీసి పంపవే. నా పెళ్లి ఆల్బమ్‌లో కూడా చెరో మూలా ఉన్నారు'' అన్నాడు. ''ఒకటేంటి, వంద పంపుతా'' అన్నాను. నేను రోజూ రాసుకునేదాన్నే కానీ ఫొటోలు తీయడం సరదా. అప్పటికి ఏడాది క్రితమే వాయిదాల మీద కెమెరా కొనుక్కున్నా. ఇక నాకేం ఎదురు!

పద్దెనిమిది డిగ్రీల నిద్ర

ఆ రోజు ప్రదక్షిణ మీద కథనం రాసే పని నాదే. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా దారంతా తిరిగి, రాసి పంపేసరికి ఒళ్లు హూనమైపోయింది. గోశాల కూడలి దగ్గర నా స్నేహితురాలి ఇల్లు ఉంది. తొలిపావంచాకి నడిచి వెళ్లేంత దూరం. వీళ్లిద్దరూ తెల్లారేసరికి గానీ చేరుకోరు కాబట్టి కాసేపు నడుం వాల్చుదామని అక్కడికి వెళ్లా. జులై నెల. వాన పడీ పడనట్టు ఉంది. ఒంటికి చొక్కా అంటుకుపోయే ఉక్క. ఏసీని 18లో పెట్టి, కెమెరా సంచీని తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నా. ఎంత భద్రమో చూశారా!

నాలుగున్నరకి ఫోన్. ''ప్రహ్లాదపురం దాటేశామే. అక్క బాగానే నడుస్తోంది'' అంది అమ్మ. గబగబా మొహం మీద నీళ్లు కొట్టుకుని, కెమెరా సంచీ భుజాన వేసుకుని పరిగెత్తా. పావుగంటలో తొలిపావంచా దగ్గర ఉన్నా. జనం, పసుపు కుంకుమలు, కర్పూరం వాసన, కొబ్బరికాయల చప్పుడు, ''గోవిందా'' అంటూ కేకలు. ఆ గుంపులో వెతికి వెతికి చివరికి పట్టుకున్నా వాళ్లని.

పెద్దమ్మ మెట్టు పక్కన కూలబడి ఉంది. ఆకుపచ్చ చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. అమ్మ ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుంది. బంతిపువ్వు రంగు చీర. అక్క పాదాలు రెండూ తన ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా నొక్కుతోంది. పెద్దమ్మ వద్దనడం లేదు. ఒక చెయ్యి అమ్మ తల మీద ఉంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు.

నేను వచ్చింది వాళ్లు చూడలేదు. అంతకంటే ఏం కావాలి? సంచీలోంచి కెమెరా తీశా. కన్ను ఆనించా.

పాలలో ముంచినట్టు ఉంది.

చున్నీతో లెన్స్ తుడిచా. ఒక్క క్షణం కనిపించింది, మళ్లీ తెల్లబడింది. మళ్లీ తుడిచా. ఎక్కడో ఏదో పట్టేసిందేమో అని జూమ్ ముందుకీ వెనక్కీ తిప్పా. ఇంకా మసకేసింది. కెమెరా ఒళ్లంతా చిన్న చిన్న నీటిబొట్లు. చలిజ్వరం వచ్చినవాడికి చెమట పట్టినట్టు! ఫోన్ ఉందిగా అంటారేమో. కంగారులో స్నేహితురాలి ఇంట్లో చార్జింగ్‌కి పెట్టి మర్చిపోయి వచ్చా. మసకలోనే నాలుగైదుసార్లు నొక్కా. ఈలోగా పెద్దమ్మ నన్ను చూసింది. ''ఒలమ్మో, వచ్చినావా బుల్లీ'' అంటూ కాళ్లు గబుక్కున వెనక్కి లాక్కుంది. అమ్మ లేచి చీర దులుపుకుంది. అయిపోయింది.

తర్వాత ఇద్దర్నీ నిలబెట్టి తీయొచ్చుగా? తీశా. అరగంట తర్వాత మసక పోయాక తీశా. కెమెరా ముందు నిటారుగా, చేతులు కట్టుకుని, ఓటరు గుర్తింపు కార్డు ఫొటోల్లో లాగా నిలబడ్డారు. ఆ ఫొటో నాకు అక్కర్లేదు. అన్నయ్యకీ అక్కర్లేదు.

'తుడిచావా?'

ఆ దసరాకి కెమెరా తీస్తే ఇంకో సంగతి బయటపడింది. లెన్స్‌లోపల ఓ మూల సాలెగూడులాంటి సన్నటి పోగులు. మా ఊళ్లో పూర్ణా మార్కెట్ వైపు ఓ పెద్దాయన ఉన్నారు. రీలు కెమెరాల కాలం నుంచీ స్టూడియో నడిపినవారు. ఆయన దగ్గరికి తీసుకెళ్లా. కిటికీ వెలుగుకి ఎదురుగా పెట్టి, ఒక్క చూపు చూసి, ''బూజమ్మా'' అన్నారు. నేను సింహాచలం సంగతి మొత్తం చెప్పా. అన్నీ విని ఒకటే అడిగారు: ''తుడిచావా?''

''తుడిచాను.''

''జూమ్ తిప్పావా?''

''తిప్పాను.''

''చున్నీతో తుడిస్తే దాని మీదున్న దుమ్ము అద్దాన్ని గీస్తుంది. చల్లగా ఉన్నప్పుడు జూమ్ తిప్పితే లెన్స్ కొలిమితిత్తిలా బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పైన ఉన్న చెమ్మని నువ్వే లోపలికి తోలావన్నమాట. ఆ తడితోనే సంచీలో పెట్టి బీరువాలో దాచావు. ఇంక బూజు పట్టక ఏం చేస్తుంది?''

మరి నేనేం చేసి ఉండాల్సింది? ''ఏం చెయ్యకుండా ఉండాల్సింది. దూరం నుంచి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఆపి పని చెబుతామా? కాళ్లు కడుక్కుని కాసేపు కూర్చోనిస్తాం. కెమెరా కూడా అంతే. ఒక వేడి నుంచి ఇంకో వేడికి వచ్చినప్పుడు దాన్ని కాసేపు కూర్చోనివ్వాలి'' అన్నారాయన.

అంతకంటే సులువుగా నాకెవరూ ఈ విషయం చెప్పలేదు. కానీ కాసేపు కూర్చోనివ్వడం ఎలా? ఎంతసేపు? అక్కణ్నుంచి నా చదువు మొదలైంది.

మంచు కురవదు!

మనం 'మంచు కురుస్తోంది' అంటాం. నిజానికి గడ్డి మీద కనిపించే మంచుబొట్లు ఆకాశం నుంచి కురిసేవి కావు. ఒకప్పుడు పండితులు కూడా అలాగే అనుకునేవారు. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు రాత్రిళ్లు తోటలో చిన్న చిన్న ఉన్ని కుచ్చులు పెట్టి, పొద్దున వాటిని తూచి, ఎక్కడ ఎంత తడి చేరిందో లెక్క కట్టాడు. 1814లో దాని మీద పుస్తకం వేశాడు. రాత్రి ఆకాశం కింద గడ్డీ ఆకులూ చల్లబడతాయి, వాటిని తాకిన గాలిలోని ఆవిరి అక్కడే నీరవుతుంది. అదీ ఆయన తేల్చింది.

గాలి ఒక గిన్నె అనుకోండి. వేడిగా ఉన్నకొద్దీ గిన్నె పెద్దదవుతుంది, చల్లబడినకొద్దీ చిన్నదవుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకి దిగితే 17 గ్రాములే. మిగిలింది ఎక్కడికి పోతుంది? గిన్నె పొంగినట్టు నీళ్లయి బయటపడుతుంది. ఏ వేడి దగ్గర అలా పొంగడం మొదలవుతుందో దాన్నే తుషార స్థానం అంటారు.

ఇప్పుడు నా తెల్లవారుజాము లెక్క చూద్దాం. ఆషాఢంలో విశాఖ గాలి 28 డిగ్రీలుండి, తేమ 85 శాతం ఉందనుకుందాం. మాకిది మామూలే, పక్కనే సముద్రం కదా! అలాంటప్పుడు తుషార స్థానం 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే, 25 కన్నా చల్లగా ఉన్న వస్తువేదైనా ఆ గాలిలోకి వస్తే దాని మీద నీళ్లు పడతాయి. నా కెమెరా 18 డిగ్రీల గదిలో నాలుగు గంటలు పడుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లసీసాకీ దానికీ తేడా లేదు.

పావుగంట నడిచాను కదా, ఆ లోపు వేడెక్కలేదా? ఎక్కలేదు. కెమెరా సంచీకి నాలుగువైపులా మెత్తటి దిండ్లు ఉంటాయి. దెబ్బ తగలకుండా కాపాడే ఆ దిండ్లే చలిని కూడా లోపల దాచిపెట్టాయి. తొలిపావంచా దగ్గర నేను సంచీ విప్పేసరికి కెమెరా ఇంకా ఏసీ గదిలోనే ఉంది!

అన్నయ్య ఊళ్లో ఇది తలకిందులు. అక్కడ చలికాలం బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోవడం వింత కాదు. ఇంట్లో వెచ్చగా ఉంటుంది. బయట మంచులో ఫొటోలు తీసుకుని ఇంట్లోకి రాగానే కెమెరా తడిసిపోతుంది. మనకి గది దాటి బయటికొస్తే ప్రమాదం. వాళ్లకి బయటి నుంచి గదిలోకొస్తే. సూత్రం మాత్రం ఒక్కటే: చల్లటి వస్తువు, తడిగా ఉన్న వెచ్చటి గాలిలోకి రాకూడదు. లంబసింగికి వెళ్లేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. చలిమంటలు, మంచు మేఘాలు అంటూ తెల్లారకముందే రెండు మూడు గంటలు బయట తిరిగి, కెమెరాని తిన్నగా వెచ్చగా ఉన్న కారులోకో, నీళ్లు మరుగుతున్న టీ దుకాణంలోకో తెస్తారు. అక్కడే తడుస్తుంది.

ఒక సంచీ, ఒక గంట

దీనికి మందు ఖరీదైనదేం కాదు. గాలి చొరబడకుండా నోరు మూసుకునే ప్లాస్టిక్ సంచీ. జిప్ ఉన్నదైతే మరీ మంచిది. కిరాణా కొట్లో దొరుకుతుంది.

చల్లటి గదిలో ఉండగానే, బయటికి రాకముందే, కెమెరాని ఆ సంచీలో పెట్టి, లోపలి గాలిని వీలైనంత నొక్కేసి, నోరు మూసేయాలి. ఏసీ గది గాలి చల్లగానే కాదు, పొడిగా కూడా ఉంటుంది. కిటికీ బయట ఏసీ గొట్టంలోంచి బొట్టు బొట్టుగా కారే నీళ్లు ఎక్కడివి అనుకున్నారు? గదిలోని తేమే! ఆ పొడిగాలి కెమెరాతోపాటు సంచీలో ఉండిపోతుంది. బయటికి వచ్చాక మసక పడుతుంది, కానీ సంచీ మీద పడుతుంది. లోపల కెమెరా పొడిగానే ఉండి, నెమ్మదిగా బయటి వేడికి అలవాటు పడుతుంది. చిన్న కెమెరాకి అరగంట, పెద్ద లెన్స్ ఉన్నదానికి గంట. సంచీ బయట తడి పూర్తిగా ఆరిపోయి, ముట్టుకుంటే చల్లగా అనిపించకపోతే ఇక విప్పొచ్చు. అంతకుముందు విప్పితే పడిన శ్రమంతా వృథా.

ఇక్కడో చిన్న తెలివి. గంటసేపు విప్పకూడదు కాబట్టి, ఫొటోలు వెంటనే పంపాల్సినవాళ్లు మెమొరీ కార్డునీ బ్యాటరీనీ సంచీ మూయకముందే తీసి జేబులో వేసుకోవాలి.

సంచీ లేదా? అయితే కెమెరాని అసలు ఏసీ గదిలోనే ఉంచకండి. పక్క గదిలో పెట్టండి. లేదా బయల్దేరడానికి గంట ముందు ఏసీ ఆపేసి కిటికీలు తెరవండి. కారులో వెళ్తుంటే దిగడానికి అరగంట ముందే ఏసీ కట్టేసి అద్దాలు దింపండి. పక్కవాళ్లు తిడతారు. పడాలి మరి!

అన్నీ చేశాక కూడా మసక పడిందా? చెయ్యకూడనివి చెబుతా. గుడ్డతో రుద్దొద్దు. లెన్స్ ఊడదీయొద్దు, తీస్తే తడిగాలి లోపలి పరికరాల మీదికి పోతుంది. జూమ్ తిప్పొద్దు. లోపలికి తడి చేరిందని అనుమానం ఉంటే కెమెరా కట్టేసి బ్యాటరీ తీసేయండి. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి కొట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్లు ఉంటారు, వినొద్దు. బియ్యప్పొడి సందుల్లోకి పోయి కూర్చుంటుంది. పొడిగా, గాలి ఆడే చోట కదపకుండా పెట్టండి చాలు. 'నీళ్లు పడినా ఏం కాదు' అని రాసి ఉన్న ఖరీదైన కెమెరాలకి ఈ బాధ లేదనుకోకండి. పైనుంచి వానచుక్క దూరకపోవచ్చు. అద్దం మీద పుట్టే మసకని ఏ రబ్బరు పట్టీ ఆపుతుంది?

ఇక బూజు సంగతి. గాలిలో తేమ 65-70 శాతం దాటి అలాగే ఉండిపోతే అద్దాల మీది సన్నటి ధూళినీ జిడ్డునీ తిని శిలీంధ్రం పెరుగుతుంది. ముదిరితే అద్దం మీది పూతని కొరికేస్తుంది. విశాఖ లాంటి ఊళ్లో బీరువాలో పెట్టిన కెమెరాకి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది! అందుకే తేమని 40-50 శాతం మధ్య ఉంచే పెట్టెలు అమ్ముతారు. కొనలేనివాళ్లు మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోవచ్చు. నీలంరంగు గింజలైతే తడి పీల్చుకున్నకొద్దీ గులాబీ రంగులోకి మారతాయి. మారాక 100-120 డిగ్రీల దగ్గర ఓవెన్లో ఆరబెడితే మళ్లీ నీలంగా పనికొస్తాయి. వంటగిన్నెల్లో మాత్రం వేయించకండి, ఆ రంగు ఒంటికి మంచిది కాదు. అన్నిటికంటే తేలికైన మందు ఇంకోటుంది. కెమెరాని దాచుకోకుండా వాడటం. వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీస్తే బూజుకి కుదురుగా కూర్చునే వీలుండదు.

నా లెన్స్‌ని పెద్దాయన విప్పించి శుభ్రం చేయించారు. బూజు పోయింది. పూత మీద చిన్న మచ్చ ఉండిపోయింది. ఎండకి ఎదురుగా తీసినప్పుడు ఇప్పటికీ తెలుస్తుంది.

స్పష్టంగా వచ్చిన ఫొటో

వచ్చే ఏడు మళ్లీ తీస్తాలే అనుకున్నా. 2020, 2021ల్లో కరోనాతో గిరి ప్రదక్షిణకి భక్తులు నడవలేదు. 2022 వచ్చేసరికి పెద్దమ్మ రెండు మోకాళ్లూ మొరాయించాయి. ఆపరేషన్ అయ్యింది. ఇంట్లో నడవమన్నారు గానీ 32 కిలోమీటర్లు ఈ జన్మకి లేవన్నారు. అమ్మ ఒక్కతే నడిచింది. అక్క మొక్కు కూడా తనే మోసినట్టు.

ఈసారి నేను సిద్ధం. అదే స్నేహితురాలి ఇల్లు, అదే గది. కానీ కెమెరా సంచీలో, సంచీ వరండాలో. తెల్లవారుజామున తొలిపావంచా దగ్గర విప్పితే అద్దం కడిగిన ముత్యంలా ఉంది. మెట్టుకి తల ఆనించి దండం పెట్టుకుంటున్న అమ్మ. నుదుటి మీద చెమటలో కరిగిన కుంకుమ, చేతిలో నలిగిన పువ్వు, మడమల పగుళ్లలో ఇరుక్కున్న తారురోడ్డు నలుపు... అన్నీ వచ్చాయి. నేను తీసినవాటిలో అంత బాగా వచ్చిన ఫొటో లేదు.

అమ్మకి చూపించా. ''బావుంది'' అంది. కాసేపు చూసి, ''ఇందులో అక్క లేదుగా'' అంది.

అప్పుడు చెప్పా, పాత మసక ఫొటో ఒకటి ఉందని. మూడేళ్లుగా ఎవరికీ చూపించలేదు. సిగ్గు! అన్నయ్యకి కూడా 'రాలేదు' అని అబద్ధం చెప్పా. కంప్యూటర్లో వెతికి తీశా. పాలమీగడలాంటి తెలుపులో ఒక ఆకుపచ్చ మరక, ఒక బంతిపువ్వు మరక. వెనక దీపాలు పసుపు ముద్దల్లా. ఎవరు ఎవరో తెలియదు. తెలిసినవాళ్లకి మాత్రం, ఒక మరక ఇంకో మరక వైపు వంగి ఉందని తెలుస్తుంది.

''ఇది అచ్చు వేయించు'' అంది అమ్మ.

''ఏం కనిపించట్లేదమ్మా.''

''అప్పన్న మాత్రం ఏడాదంతా కనిపిస్తాడా? చందనం చాటునే ఉంటాడు. మనం దండం పెట్టుకోవడంలేదూ?''

నాకు నోట మాట రాలేదు. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే స్వామి నిజరూప దర్శనం. ఆ రాత్రే మళ్లీ చందనం పూత మొదలవుతుంది. నాలుగు విడతల్లో ఆఖరి విడత సమర్పించేది సరిగ్గా ఆషాఢ పౌర్ణమి నాడే, నేను ఆ ఫొటో తీసిన రోజే. ఇది ఇన్నేళ్లుగా రాస్తున్నా నాకు తట్టలేదు. అమ్మకి తట్టింది.

రెండు అచ్చులు వేయించా. ఒకటి మా ఇంట్లో, ఒకటి చీపురుపల్లి దగ్గర పెద్దమ్మ ఇంట్లో టీవీ పైన. మినియాపొలిస్‌కి మెయిల్‌లో పంపా, మూడేళ్లు ఆలస్యంగా, నిజం చెప్పి. అన్నయ్య ఒకటే వాక్యం రాశాడు: ''బయటి నుంచి లోపలికి వచ్చేటప్పుడు సంచీలో పెట్టాలని నాకిక్కడ మొదటి చలికాలమే తెలిసింది, నీకు చెప్పాలని తోచలేదు.'' దాని కింద, కాసేపాగి, ఇంకోటి: ''పచ్చచీర అమ్మది కదూ?''

ఇంకో పది నిమిషాలు

మొన్న శ్రావణంలో పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. కొండ మీదికి కారులో తీసుకెళ్లి దర్శనం చేయించి, దిగేటప్పుడు తొలిపావంచా దగ్గర ఆపమంది. మెట్టుకి దండం పెట్టుకుని, పక్కనే అరుగు మీద కూర్చుంది. అమ్మ పక్కన కూర్చుంది. జనం లేరు. కారులో దారంతా ఏసీ. కెమెరా సంచీలో ఉంది. సంచీ బయట సన్నగా నీళ్లు పట్టాయి. దాన్ని వాళ్ల పక్కనే అరుగు మీద పెట్టి నేనూ కూర్చున్నా.

''ఏటే బుల్లీ, ఫొటో తీస్తానని కూర్చున్నావు?'' అంది పెద్దమ్మ.

''ఇంకాసేపు ఆగాలి పెద్దమ్మా. కెమెరాకి చెమట ఆరాలి.''

''దానికీ చెమటేనా!'' అని నవ్వింది. తర్వాత ఇద్దరూ మాటల్లో పడ్డారు. దారిలో కొన్న పనసపండు ధర దగ్గర మొదలై, అమ్మమ్మ వండే పనసపొట్టు కూరలోకి వెళ్లి, అక్కణ్నుంచి అమ్మమ్మ ఇంటికి వచ్చింది మాట. నాకు గుండె గుబుక్కుమంది. ''వెనక చెట్లు ఇంకా కాస్తున్నాయా?'' అంది అమ్మ. ''రెండు పోయినాయి. రెండు ఉన్నాయి. కాయలు దింపించి నీకు పంపుదామనుకుంటాను, ఎవరూ దొరకరు'' అంది పెద్దమ్మ. ''నేనే వస్తానులే'' అంది అమ్మ.

సంచీ మీద నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. ముట్టుకుని చూశా, చల్లగా లేదు.

''అయ్యిందా?'' అంది పెద్దమ్మ.

''ఇంకో పది నిమిషాలు'' అన్నాను.